కొంగునాటి మట్టిలో రోము రాజకీయం

మదురై నుంచి తిరుచ్చి వెళ్లే దారిలో సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న మేలూరు పరిసరాల్లోని గుట్టల మీద, ఒకప్పుడు జైన మునులు విశ్రమించిన రాతి పడకల దగ్గర, తమిళ బ్రాహ్మి లిపిలో చెక్కిన పొట్టి పొట్టి శాసనాలు నేటికీ కనిపిస్తాయి. వాటిలో మాంగుళం గుట్ట శాసనాలు నెడుంజెళియన్ అనే పాండ్య రాజు పేరును, వెళ్ళరై అనే ఊరికి చెందిన నిగమాన్ని, అంటే వర్తక సంఘాన్ని, ప్రస్తావిస్తున్నాయి. ఇవి క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందినవని లిపి పరిశోధకుడు ఐరావతం మహదేవన్ నిర్ణయించారు. మేలూరు దగ్గర వర్తకులు మునులకు పడకలు తొలిపిస్తున్న ఆ శతాబ్దంలోనే, పడమటి సముద్రాలకు ఆవల రోము నగరం తన చిరకాల శత్రువైన కార్తేజ్‌ను క్రీ.పూ. 146లో నేలమట్టం చేసి, మధ్యధరా సముద్రానికి తిరుగులేని యజమానురాలైంది. ఒకదాని పేరు మరొకదానికి తెలియని ఈ రెండు లోకాలు మరో నూరేళ్లకు పైచిలుకు కాలంలోనే పరస్పరం తారసపడ్డాయి. అందుకు సాక్ష్యంగా నిలిచినవి కొంగునాడు అని పిలిచే కోయంబత్తూరు, పొల్లాచ్చి, ఉడుమలైపేట ప్రాంతాల నేలలో కుండలకొద్దీ బయటపడిన వెండి నాణేలు, మదురై పక్కన వైగై ఇసుకలో దొరికిన రాగి నాణేలు.

ఈ నేలను తరతరాలుగా దున్నుతున్నవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. కోయంబత్తూరు చుట్టూ ఉన్న నల్లరేగడిలో పత్తి పండించిన కమ్మ నాయుళ్లు, మగ్గం నేసిన దేవాంగులు, మదురై సీమలోని బలిజలు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు ప్రధానంగా విజయనగర, నాయక రాజుల కాలాల్లో దక్షిణానికి వచ్చి స్థిరపడినవారే. విశ్వనాథ నాయకుడు మదురైలో అధికారం చేపట్టే నాటికి పశ్చిమ రోము సామ్రాజ్యం కూలి వెయ్యేళ్లు దాటింది. కాబట్టి రోముతో వ్యాపారం చేసింది ఇక్కడి తెలుగువారి పూర్వికులని చెప్పడానికి వీలులేదు. అయితే రోములో జరిగిన అధికార మార్పిడిని అర్థం చేసుకోవడానికి ఈ తెలుగువారి చరిత్ర బాగా పనికివస్తుంది. దళాలను పోషించే బాధ్యతతో సీమలు పొందిన నాయకులు, విజయనగరం 1565లో దెబ్బతిన్న తరువాత, క్రమంగా తమ సీమలకు తామే రాజులైన తీరు మదురై, తంజావూరు, జింజి చరిత్రల్లో స్పష్టంగా కనిపిస్తుంది. సైనికుడికి కూడు పెట్టే చేయి ఎవరిదో రాజ్యం చివరకు వారి వైపే ఒరుగుతుందన్న సంగతిని రోము అంతకు పదహారు వందల ఏళ్ల ముందే చవిచూసింది.

రోమన్ల సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 509లో చివరి రాజును వెళ్లగొట్టిన తరువాత ఆ నగరం రాజు అనే మాటనే అసహ్యించుకుంది. ఏటా ఎన్నికయ్యే ఇద్దరు కాన్సళ్లు పాలనను, యుద్ధాన్ని నడిపేవారు. ఒకరి నిర్ణయాన్ని మరొకరు అడ్డుకోగలిగేలా ఆ పదవిని కావాలనే ఇద్దరి మధ్య పంచారు. పదవులు చేసి దిగిన ప్రముఖులతో కూడిన సెనేట్ అనే పెద్దల సభకు శాసనాధికారం నామమాత్రమే అయినా, ధనం, విదేశ వ్యవహారాలు, సేనాపతుల నియామకాలు దాని మాట మీదే నడిచేవి. ఒక నగరాన్ని, దాని చుట్టూ ఉన్న పొలాలను పాలించడానికి తీర్చిన ఈ ఏర్పాటు, సముద్రాలు దాటిన రాజ్యాన్ని పాలించవలసి వచ్చినప్పుడు బీటలు వారింది. ఏళ్ల తరబడి దూరదేశాల్లో పోరాడి వచ్చిన చిన్న రైతు తన కమతం అప్పులపాలై పోవడాన్ని చూశాడు. భూమి పంపకానికి పూనుకున్న టైబీరియస్ గ్రాకస్‌ను క్రీ.పూ. 133లో సెనేటు సభ్యులే గుంపుగా వచ్చి కొట్టి చంపారు. క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాపతి భూమిలేని పేదలను సైన్యంలో చేర్చుకున్నాడు. యుద్ధం ముగిశాక వారికి ఇంత చెక్క భూమి ఇప్పించే పూచీ ప్రభుత్వం తీసుకోలేదు కనుక, అది సేనాపతి బాధ్యతగా మారింది. గణతంత్రం పతనానికి చరిత్రకారులు చెప్పే కారణాలు ఎన్నో ఉన్నా, వాటన్నిటికంటే బరువైనది ఈ ఒక్క లోపమే. క్రీ.పూ. 88లో సుల్లా తన లీజియన్లను, అంటే సుమారు ఐదు వేల మందితో కూడిన కాల్బలాలను, సొంత నగరం మీదికే నడిపించినప్పుడు, సైనికాధికారులు దాదాపు అందరూ వెనుదీసినా సామాన్య సైనికులు మాత్రం అతని వెంటే నడిచారు.

జూలియస్ సీజర్ క్రీ.పూ. 49లో రూబికాన్ అనే చిన్న ఏటిని సైన్యంతో దాటి అంతర్యుద్ధం మొదలుపెట్టడం, మరుసటి ఏడు ఫార్సాలస్ దగ్గర ప్రత్యర్థి పాంపేను ఓడించడం, క్రీ.పూ. 44లో యావజ్జీవ నియంతగా ప్రకటించుకోవడం, అదే ఏడు మార్చి 15న సెనేటులో కత్తిపోట్లకు బలికావడం చాలామంది పాఠకులకు తెలిసిన కథే. అంతగా ప్రచారంలో లేని సంగతి మరొకటి ఉంది. ఆ ఏడు జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోములో అచ్చయిన నాణేల మీద సీజర్ ముఖం కనిపించింది. బతికి ఉన్న రోమన్ పౌరుడి రూపాన్ని ఆ నగరపు నాణెం మీద ముద్రించడం అదే మొదటిసారి. దేవతలకు, గతించిన పూర్వికులకు చెందిన చోటును బతికున్న మనిషి ఆక్రమించడం రాజరికానికి తొలి మెట్టని అతని శత్రువులు భావించారు. విచిత్రమేమిటంటే, స్వేచ్ఛ పేరుతో సీజర్‌ను పొడిచిన బ్రూటస్ రెండేళ్ల తరువాత తన సైన్యానికి జీతాలు చెల్లించేందుకు అచ్చువేయించిన నాణెం మీద ఒకవైపు రెండు బాకులు, వాటి మధ్య విముక్తి పొందిన బానిస ధరించే టోపీ ఉండగా, మరోవైపు ఉన్నది బ్రూటస్ ముఖమే.

సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్, సేనాని ఆంటోనీ కలిసి క్రీ.పూ. 42లో ఫిలిప్పీ దగ్గర బ్రూటస్ పక్షాన్ని తుడిచిపెట్టి, తరువాత తమలో తాము తలపడ్డారు. క్రీ.పూ. 31 సెప్టెంబరు 2న ఆక్టియం తీరంలో జరిగిన నౌకాయుద్ధంలో ఆంటోనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఓడిపోయారు. మరుసటి ఏడు అలెగ్జాండ్రియా ఆక్టేవియన్ వశమైంది. దక్షిణ భారతానికి సంబంధించినంతవరకు రోము చరిత్రలో ఇంతటి ముఖ్యమైన సంఘటన మరొకటి లేదు. ఈజిప్టుతో పాటు ఎర్రసముద్రపు రేవులు, నైరుతి రుతుపవనాల గాలివాటున అరేబియా సముద్రాన్ని దాటే నౌకామార్గం రోము చేతికి వచ్చాయి. ఒక్క మయోస్ హార్మోస్ రేవు నుంచే ఏటా 120 నౌకలు భారతదేశానికి వెళుతున్నాయని, అంతకుముందు ఈజిప్టును ఏలిన టాలెమీ వంశపు రాజుల కాలంలో సాహసించిన నౌకలు బహు కొద్దని భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో రాశాడు. పాండ్య రాజు, మరికొందరి ప్రకారం పోరస్ అనే రాజు, ఆ కొత్త ప్రభువుకు కానుకలతో రాయబారం పంపిన సంగతి కూడా అతడే పేర్కొన్నాడు. ఆ నౌకలు కేరళ తీరంలోని ముజిరిస్‌కు, అంటే తమిళ కవులు ముచిరి అని పిలిచిన రేవుకు, చేరేవి. అక్కడి నుంచి పడమటి కనుమల్లోని పాలక్కాడు కనుమ గుండా కోయంబత్తూరు, నొయ్యల్ నది లోయ, కరూరు మీదుగా కావేరి మైదానానికి దారి సాగేది. పడియూరు గనుల నుంచి వెలికితీసిన నీలిపచ్చ బెరిల్ రాళ్లకు, నొయ్యల్ గట్టున కొడుమణల్‌లో పూసలు తీర్చిన పనివారికి, కొండల మిరియాలకు రోములో ఉన్న గిరాకీ వల్లనే ఆ దారి పొడుగునా నాణేల కుండలు దొరుకుతున్నాయి.

ఆక్టేవియన్ గద్దెనెక్కలేదు, కిరీటం పెట్టుకోలేదు. క్రీ.పూ. 27 జనవరిలో అధికారాలన్నిటినీ సెనేటుకు తిరిగి అప్పగిస్తున్నట్టు ప్రకటించగా, సెనేట్ అతనికి అగస్టస్, అంటే పూజ్యుడు, అనే బిరుదుతో పాటు సైన్యాలు ఎక్కువగా ఉన్న సరిహద్దు రాష్ట్రాలను అప్పగించింది. కాన్సళ్లు, సెనేట్, ఎన్నికలు అన్నీ యథాతథంగా ఉన్నట్టే కనిపించేవి. తనను తాను ప్రిన్సెప్స్ అని, అంటే పౌరుల్లో మొదటివాడినని మాత్రమే చెప్పుకున్నాడు. ఈజిప్టు విషయంలో మాత్రం ఆ మర్యాద కూడా పాటించలేదు. ఆ రాష్ట్రానికి సెనేటేతర వర్గానికి చెందిన అధికారిని తానే నియమించి, తన అనుమతి లేనిదే సెనేటు సభ్యులెవరూ అక్కడ అడుగుపెట్టరాదని శాసించాడు. రోముకు తిండిగింజలు పంపే నేలను, భారత వ్యాపారం మీద నాలుగో వంతు సుంకం రాల్చే రేవులను మరొకరి చేతికి విడిచిపెట్టేంత అమాయకుడు అతడు కాడు.

కొంగునాట దొరికిన నిధుల్లో ఎక్కువగా కనిపించేవి రెండే రకాల వెండి నాణేలు. ఈ వెండి నాణేన్ని రోమన్లు డెనారియస్ అనేవారు. ఆ మాటే గ్రీకు, సంస్కృతాల మీదుగా దీనారమై తెలుగులోకి వచ్చింది. శ్రీనాథుని కనకాభిషేకం కథ తెలిసినవారికి దీనారం కొత్త మాట కాదు. మొదటి రకం నాణెం మీద ఒకవైపు అగస్టస్ తల, రెండోవైపు డాళ్లు, ఈటెలతో నిలబడిన ఇద్దరు యువకులు ఉంటారు. వారు గాయస్, లూసియస్; అగస్టస్ కుమార్తె జూలియా కొడుకులు. మగసంతానం లేని అగస్టస్ క్రీ.పూ. 17లో ఆ మనవలను దత్తత తీసుకున్నాడు. వారసత్వం అనే మాట పైకి ఎత్తడానికి వీలులేని వ్యవస్థలో వారసులను ప్రకటించే పనిని అతడు నాణెం చేత చేయించాడు. చట్టం చెప్పలేని మాటను వెండి ముక్క సామ్రాజ్యమంతటా చెప్పింది. అయితే ఆ మాట నిజం కాలేదు. క్రీ.శ. 2లో లూసియస్ మార్సెయిల్స్‌లో జబ్బుచేసి మరణించాడు. ఆర్మేనియా ముట్టడిలో గాయపడిన గాయస్ క్రీ.శ. 4లో, తిరుగుదారిలో ప్రాణం విడిచాడు. గత్యంతరం లేక అగస్టస్ తన భార్య లివియాకు మొదటి భర్త వల్ల కలిగిన టైబీరియస్‌ను వారసుడిగా స్వీకరించాడు. ఆ ఇద్దరు యువకులు పోయిన చాలా కాలానికి కూడా వారిని రేపటి ప్రభువులుగా చూపించే నాణేలు ఓడలెక్కి పొల్లాచ్చికి, కోయంబత్తూరు పక్కనున్న వెళ్ళలూరుకు వచ్చి చేరుతూనే ఉన్నాయి.

రెండో రకం టైబీరియస్‌ది. ఒకవైపు అతని తల, దైవత్వం పొందిన అగస్టస్ కుమారుడనే రాత. రెండోవైపు రాజదండం, కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ, ప్రధాన పురోహితుడనే బిరుదు. ఆ స్త్రీ లివియా అని పలువురి అభిప్రాయం. సువార్తల్లో పన్ను గురించి అడిగినవారు యేసుకు చూపించిన దేనారం ఈ రకానిదేనని సాధారణంగా గుర్తిస్తారు. క్రీ.శ. 14 నుంచి 37 దాకా సాగిన టైబీరియస్ పాలనలో ఈ బొమ్మ దాదాపు మారలేదు. బయట మాత్రం చాలా మారింది. అగస్టస్ మరణవార్త వినగానే రైన్, డాన్యూబ్ సరిహద్దుల్లోని లీజియన్లు తిరగబడి, రోజుకు పది ఆస్‌లు అనే రాగి నాణేలకు బదులు పూర్తి డెనారియస్ కూలి ఇవ్వాలని పట్టుబట్టాయి. టైబీరియస్ క్రీ.శ. 26లో రోమును వదిలి కాప్రి దీవికి వెళ్లి మళ్లీ నగరంలో అడుగుపెట్టలేదు. అతని పేరుతో అధికారం చలాయించిన అంగరక్షక దళాధిపతి సెజానస్ క్రీ.శ. 31లో వధ్యశిలకెక్కాడు. నాణెం మీద మాత్రం అదే ముఖం, అదే స్త్రీ.

ఈ రెండు రకాలు ప్రధానంగా అచ్చయింది గాల్ దేశంలోని లుగ్డునం, అంటే నేటి లియాన్ నగరంలో. రైన్ సరిహద్దులో నిలిచిన సైన్యాలకు జీతాలు పంచడానికి ఆ ముద్రణాలయం అనువుగా ఉండేది. ఆ కాలంలో లీజియన్ సైనికుడి ఏటి జీతం 225 డెనారియస్‌లు. 1842లో వెళ్ళలూరులో ఒక్కచోటే దొరికిన నాణేలు ఐదు వందలకు పైగా ఉన్నాయి కనుక, జర్మనీ అడవుల అంచున ఒక సైనికుడు రెండేళ్లకు పైగా కాపలా కాసి సంపాదించే సొమ్ము ఒక కొంగు వర్తకుడి కుండలో పట్టిందన్నమాట. ఉడుమలైపేట దగ్గరి బూదినత్తంలో దొరికినవి వెయ్యికి మించి ఉన్నాయి. తెలంగాణలో నల్లగొండ సీమకు చెందిన అక్కనపల్లి నిధిలోనూ ఇలాంటి డెనారియస్‌లే పదిహేను వందలకు పైగా బయటపడ్డాయి.

ఇంత వెండి తరలిపోవడం రోమన్ పెద్దలకు కంటగింపుగా ఉండేది. స్త్రీల రత్నాల కోసం తమ ధనం పరాయి దేశాల పాలవుతున్నదని టైబీరియస్ క్రీ.శ. 22లో సెనేటుకు రాసిన లేఖలో వాపోయాడు. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లకు తగ్గకుండా భారతదేశం తమ సామ్రాజ్యం నుంచి లాగేస్తున్నదని రోమన్ రచయిత పెద్ద ప్లినీ లెక్కగట్టాడు. నాలుగు సెస్టర్స్‌లు ఒక డెనారియస్ కనుక, అది 55 వేల మందికి పైగా సైనికుల ఏటి జీతంతో సమానం. ఈ లెక్కను ఉన్నదున్నట్టు నమ్మనక్కరలేదు. విలాసాలను దుయ్యబట్టడం ఆ కాలపు రచయితలకు అలవాటు, పైగా నాలుగో వంతు సుంకం ద్వారా ఖజానాకు తిరిగి వచ్చిన మొత్తాన్ని ప్లినీ తలవలేదు. అతడే చెప్పిన మరో కథ దీనికంటే విలువైనది. క్లాడియస్ చక్రవర్తి కాలంలో గాలివాటుకు కొట్టుకుపోయి సింహళం చేరిన ఒక రోమన్ దగ్గరున్న డెనారియస్‌లను చూసి, వాటి మీది తలలు వేర్వేరు ప్రభువులవైనా బరువులో తేడా లేకపోవడం అక్కడి రాజును ఆశ్చర్యపరిచిందట. రోములో ఆ తలలు మారడానికి ఎన్ని యుద్ధాలు, ఎన్ని హత్యలు జరిగాయో ఆ రాజుకు పట్టలేదు. త్రాసు నిలకడగా ఉంటే చాలు.

ఆ నిలకడను నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో భంగపరిచాడు. అంతవరకు ఒక రోమన్ పౌను వెండితో 84 డెనారియస్‌లు ముద్రిస్తుండగా, అతడు 96 ముద్రించడం మొదలుపెట్టి, వెండి మచ్చును కూడా తగ్గించాడు. ఆ ఏడే రోము నగరం తగలబడింది. పునర్నిర్మాణానికి డబ్బు కావలసి వచ్చింది. సామ్రాజ్యం లోపల పన్నులకు, జీతాలకు నాణెం ముఖవిలువతో చెల్లుతుంది కనుక ఆ తేడా వెంటనే తెలియలేదు. తూకం మీద తీసుకునే కొంగు వర్తకుడికి తెలియకుండా పోయే ప్రశ్నే లేదు. దక్షిణ భారత నిధుల్లో నీరో సంస్కరణ తరువాతి డెనారియస్‌లు అరుదు. పాత అగస్టస్, టైబీరియస్ నాణేలనే ఏరి తెచ్చి ఇక్కడ చెల్లించారని పరిశోధకులు భావిస్తున్నారు. అంటే ఒక నిధిలో చివరి ముఖం టైబీరియస్‌దైనంత మాత్రాన ఆ కుండ టైబీరియస్ కాలంలోనే పాతిపెట్టినదని అనుకోకూడదు.

క్రీ.శ. 68లో నీరో ఆత్మహత్యతో అగస్టస్ వంశం అంతరించింది. మరుసటి ఏడు ముగిసేలోగా గాల్బా, ఓథో, విటెల్లియస్, వెస్పాసియన్ అనే నలుగురు ఒకరి తరువాత ఒకరు ప్రభువులయ్యారు. ఒక్కొక్కరి వెనుక ఒక్కొక్క సైన్యం నిలిచింది. చక్రవర్తిని రోము బయట కూడా తయారు చేయవచ్చన్న రహస్యం అప్పుడు బట్టబయలైందని చరిత్రకారుడు టాసిటస్ అన్నాడు. వెస్పాసియన్‌ను మొట్టమొదట ప్రభువుగా ప్రకటించింది క్రీ.శ. 69 జూలై 1న అలెగ్జాండ్రియాలో, ఈజిప్టు అధికారి టైబీరియస్ జూలియస్ అలెగ్జాండర్. అంతకు పాతికేళ్ల కిందట అతని తమ్ముడు మార్కస్ ఎర్రసముద్రపు రేవుల ద్వారా వ్యాపారం సాగించినట్టు ఈజిప్టులో దొరికిన పెంకుల మీది రశీదులు చెబుతున్నాయి. మిరియాల బాటకు, సింహాసనానికి మధ్య దూరం తక్కువే.

ఈ కాలం నుంచి దక్షిణాదికి వెండి కంటే బంగారు నాణెమైన ఆరియస్ ఎక్కువగా రాసాగింది. మేలూరుకు ఈశాన్యాన పుదుక్కోట్టై సీమలో 1898లో అగస్టస్ మొదలు వెస్పాసియన్ దాకా వివిధ ప్రభువుల కాలానికి చెందిన 501 బంగారు నాణేలు దొరికాయి. వాటిలో అత్యధిక భాగం మీద ప్రభువు ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఉంది. లోపల రాగి దాచిన దొంగ నాణెమేమోనని పరీక్షించడానికి గాటు పెట్టారని కొందరు, అది ఇక నాణెంగా చెల్లరాదని, బంగారు ముద్దగా మాత్రమే లెక్కించాలని గుర్తుగా పెట్టారని మరికొందరు అంటారు. ఏది నిజమైనా, రోములో ప్రభువు బొమ్మను అవమానిస్తే రాజద్రోహం కింద తల పోయే కాలంలో, ఇక్కడ ఒక చేయి ఏ జంకూ లేకుండా చక్రవర్తుల ముఖాలను వరసగా చీల్చుకుంటూ పోయింది.

తరువాతి శతాబ్దం రోముకు నెమ్మది కాలం. ట్రాజన్ చక్రవర్తి డాసియా దేశాన్ని జయించాడు. భారతదేశం నుంచి అతని దగ్గరికీ రాయబారులు వెళ్లారు. వినుకొండలో దొరికిన బంగారు నాణేలు ఈ సంబంధం తెలుగునాట 3వ శతాబ్దపు తొలి ఏళ్ల దాకా సాగిందని సూచిస్తున్నాయి. ఈలోగా క్రీ.శ. 193లో అంగరక్షక దళం అప్పటి ప్రభువు పెర్టినాక్స్‌ను చంపి, సింహాసనాన్ని బాహాటంగా వేలం వేసి, ఎక్కువ పాడిన డిడియస్ జూలియానస్‌కు కట్టబెట్టింది. అతడు తొమ్మిది వారాలు నిలిచాడు. క్రీ.శ. 235 నుంచి 284 దాకా ఇరవై మందికి పైగా ప్రభువులు వచ్చిపోయారు, వారిలో అత్యధికులు కత్తికే బలయ్యారు. ప్రతి కొత్త ప్రభువూ సైన్యానికి బహుమానం పంచవలసి రావడంతో, 260ల చివరి నాటికి వెండి నాణెంలో వెండి ఇరవయ్యో వంతు కూడా మిగలలేదు. రాగికి వెండి పూత పూసిన ఆ నాణెం కోసం ఎవరు మిరియాలు తూస్తారు?

డయోక్లీషియన్, కాన్‌స్టంటైన్ సామ్రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టారు. క్రీ.శ. 330లో కాన్‌స్టాంటినోపుల్ కొత్త రాజధానిగా వెలసింది. 395లో థియొడోసియస్ చక్రవర్తి మరణంతో తూర్పు భాగం అతని కొడుకు ఆర్కేడియస్‌కు, పడమటి భాగం మరో కొడుకు హొనోరియస్‌కు దక్కాయి. ఆ తండ్రీకొడుకుల కాలపు చిన్న రాగి నాణేలు మదురైలోనూ, వైగై సముద్రంలో కలిసే చోటున్న అళగన్‌కుళంలోనూ లభించాయి. మదురైలో అవి ఎక్కువగా దొరకడం చూసి, అక్కడ రోమన్ల వాడ ఒకటి ఉండేదని 19వ శతాబ్దపు నాణేల సేకర్తలు ఊహించారు. పాండ్యుల కోటకు యవనులు, అంటే పడమటి దేశాలవారు, కాపలా కాసినట్టు తమిళ కావ్యాలు చెప్పడం ఆ ఊహకు ఊతమిచ్చింది. అయితే శ్రీలంకలో కూడా ఇవే నాణేలు వేలకొద్దీ దొరికాయి కనుక, స్థానిక సంతల్లో చిల్లరగా చేతులు మారడానికి వీటిని తెచ్చి ఉంటారన్నదే ఎక్కువ నమ్మదగిన మాట.

హొనోరియస్ ఏలుబడిలోనే గోత్ తెగ నాయకుడు అలారిక్ రోమును చుట్టుముట్టి, క్రీ.శ. 408లో ముట్టడి ఎత్తివేయడానికి 5 వేల పౌన్ల బంగారం, 30 వేల పౌన్ల వెండి, పట్టుబట్టలు, వాటితో పాటు 3 వేల పౌన్ల మిరియాలు అడిగి పుచ్చుకున్నాడు. రెండేళ్ల తరువాత మళ్లీ వచ్చి నగరాన్ని దోచుకున్నాడు. వైగై ఇసుకలో దొరికిన ఆ కాలపు రాగి నాణేలు చిటికెనవేలి గోరంత ఉంటాయి. సంతలో చేయి మారీ మారీ చాలావాటి మీద ప్రభువు ముఖం చెరిగిపోయింది, తండ్రి ఎవరో కొడుకు ఎవరో పోల్చడానికి వీలుకాదు.